మలై కాజాను గ్లాసులోకి తేవడం: నెల్లూరులో ఒక ఇంటి విందుకు చేసిన కాక్‌టెయిల్‌పై కేస్ స్టడీ

నేను కొంతకాలం హోటల్ బార్లలో పనిచేసి, ప్రస్తుతం ఇళ్లలో జరిగే విందులకు పానీయాల ఏర్పాటు చూస్తున్నాను. క్రిస్మస్‌కు బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచీ విదేశాల నుంచీ వచ్చిన పిల్లలు కొత్త సంవత్సరం దాకా ఉండిపోతారు కనుక, నెల్లూరులో డిసెంబరు చివరి వారంలోనే ఈ పని ఎక్కువగా వస్తుంది. అటువంటి ఒక విందుకు నగరంలోని ఒక కుటుంబం నన్ను అడిగింది స్పష్టమైన కోరికే. రాత్రి భోజనం తర్వాత మిఠాయికి బదులుగా ఇవ్వడానికి, నెల్లూరు మలై కాజాను గుర్తుకు తెచ్చే కాక్‌టెయిల్ ఒకటి కావాలి. అది ఇంటి వంటగదిలో ఉన్న సామానుతో తయారుకావాలి. వచ్చే ఏడాది నేను లేకుండా వారే చేసుకోగలగాలి.

ఇంటి యజమాని అంతకుముందే సొంతంగా ఒకసారి చేసి చూశారు. మిఠాయి కొట్టు నుంచి తెచ్చిన కాజాలను చిక్కటి పాలతో మిక్సీలో తిప్పి, అందులో బ్రాందీ పోసి, తీపి మరీ ఎక్కువైందని పైన నిమ్మకాయ పిండారు. పాలు విరిగి, ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయ్యాయి. "కాజా బాగుండాది, బ్రాందీ బాగుండాది, రెండూ కలిపితేనే ఏందో అయిపోయింది సార్" అని ఆయన చెప్పారు. దాదాపు సమస్య మొత్తం ఆ మాటలోనే ఉంది.

లోపం ఎక్కడ ఉంది

ఆ ప్రయత్నంలో తీపి ఎంత పడిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే కాజా పీల్చుకున్న పాకాన్ని కొలవడం సాధ్యం కాదు. పాలు విరగడానికి కారణం తెలిసినదే. తాజా పాల పీహెచ్ (పులుపును చెప్పే అంకె, పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 6.6, 6.7 ప్రాంతంలో ఉంటుంది, అది 4.6 దగ్గరకు దిగేసరికి పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు గడ్డకడుతుంది. నిమ్మరసం ఆ దూరాన్ని క్షణాల్లో దాటిస్తుంది. పైగా ఆల్కహాల్ కూడా కేసీన్‌ను నిలకడగా ఉండనివ్వదు. పాల సేకరణ కేంద్రాల్లో పులుపెక్కడం మొదలైన పాలను పట్టుకోవడానికి ఆల్కహాల్ కలిపి చూసే పరీక్ష చేసేది ఈ గుణం ఆధారంగానే.

ఈ రెంటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మూడో లోపం: ఆ పానీయంలో పంచదార ఉంది, పాలు ఉన్నాయి, కాజాలు కూడా ఉన్నాయి, కాని కాజా వాసన లేదు. మలై కాజాను కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నా మనం గుర్తుపట్టేది తీపి వల్ల కాదు, తీపి అన్ని మిఠాయిలలోనూ ఉంటుంది. వేగిన పిండి వాసన మొదట తగులుతుంది, దాని వెనుక యాలకుల పాకం వస్తుంది, చివర పాల మీగడ కమ్మదనం నాలుక మీద నిలుస్తుంది. ఆ వేపుడు వాసనను ఇచ్చే పదార్థాలు నీటిలో కన్నా కొవ్వులోను, ఆల్కహాల్‌లోను తేలికగా కరుగుతాయి. కాజాను పాలతో కలిపి తిప్పినప్పుడు ఆ వాసన కొవ్వులోనే చిక్కుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టగానే కొవ్వు బిగిసిపోయి దాన్ని ముక్కుదాకా రానివ్వదు. కాబట్టి కాజాను గ్లాసులో వేయడం మానుకుని, అందులోని మూడు గుణాలను విడదీసి, ఒక్కొక్కదాన్నీ అది దేనిలో కరుగుతుందో దానిలోకే దింపాలని నిర్ణయించాను. నెయ్యి వాసన బ్రాందీలోకి వెళ్లాలి, యాలకులు పాకంలోకి వెళ్లాలి, పాలను విరగకుండా కాపాడుకునే బదులు మనమే పద్ధతిగా విరగ్గొట్టి వాటి తేటను వాడుకోవాలి.

ఈ పద్ధతులేవీ నేను కనిపెట్టినవి కావు. కొవ్వు వాసనను మద్యంలోకి దింపి, చల్లబరిచి, గడ్డకట్టిన కొవ్వును తీసేసే పద్ధతికి 2007లో న్యూయార్క్‌లోని పీడీటీ బార్‌లో డాన్ లీ అనే బార్టెండర్ బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) కొవ్వుతో చేసిన బూర్బన్ విస్కీ పానీయం వల్ల ప్రచారం వచ్చింది. పాలను విరగ్గొట్టి వడగట్టే మిల్క్ పంచ్ అంతకన్నా చాలా పాతది. 1711 నాటి మేరీ రాకెట్ వంటకం ఒకటి దొరుకుతోంది, బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763లో తన మిత్రుడు జేమ్స్ బౌడన్‌కు రాసిన ఉత్తరంలోనూ బ్రాందీ, నిమ్మరసం, పాలతో చేసే విధానం ఉంది. బేకన్ స్థానంలో మనకు నెయ్యి ఉంది, అంతే తేడా.

విరగని దారి కూడా ఒకటి లేకపోలేదు. బ్రాందీ, కోకో లిక్యూర్ (కోకో రుచిగల తియ్యని మద్యం), క్రీమ్ కలిపే బ్రాందీ అలెగ్జాండర్‌లో పులుపు ఉండదు. పాలతో పోలిస్తే క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, కేసీన్ తక్కువ కనుక అది విరగదు. నెల్లూరు భోజనం తర్వాత అది పనికిరాదని నా అభిప్రాయం. కారం, చింతపండు పులుపు నిండిన భోజనం ముగించినవారు చిక్కటి క్రీమ్‌ను రెండు గుక్కలకు మించి తాగలేరు.

ఇంట్లోని పరిమితులు

పాలు అనగానే ఇంటి పెద్దావిడ "చేపల మీద పాలా?" అని అడ్డు చెప్పారు. చేపలు తిన్న పూట పాలు తీసుకోకూడదన్న పట్టింపు ఈ ప్రాంతపు ఇళ్లలో గట్టిగా ఉంది, దానితో వాదించడం నా పని కాదు. తేటగా వడగట్టినా అందులో ఉండేది పాల తేటేనని దాచకుండా చెప్పాను. చివరకు చేపల పులుసును మధ్యాహ్నానికి మార్చి, రాత్రికి కోడికూర పెట్టుకున్నారు.

రెండో పరిమితి ఇంతకన్నా ముఖ్యమైనది. ఆవిడ బాప్టిస్టు సంఘ సభ్యురాలు. శామ్యూల్ డే 1840లో నెల్లూరుకు వచ్చి నెలకొల్పిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారసత్వం ఉన్న ఇళ్లలో మద్యం ముట్టని పెద్దలే ఎక్కువ. ఆవిడ అల్లుడు, ఆయన స్నేహితులు తాగుతారు, ఆవిడ, పిల్లలు తాగరు. అందువల్ల ఒకే రుచిగల రెండు పానీయాలు, రెండు వేర్వేరు ట్రేలు, చూడగానే తేడా తెలిసే రెండు రకాల గ్లాసులు ఉండాలన్నది మొదటి రోజే కుదుర్చుకున్న ఒప్పందం.

ఈ జిల్లాలో మద్యం గురించి రాసేవారెవరూ దూబగుంటను మరిచి రాయలేరు. 1992లో కలిగిరి దగ్గరి ఆ ఊరి మహిళలు సారా దుకాణాల మీద మొదలుపెట్టిన పోరాటం 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. ఆ తరం స్త్రీలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. నేను భోజనం తర్వాత ఒక్క చిన్న గ్లాసుగా మాత్రమే ఇటువంటి పానీయాన్ని ఒప్పుకోవడానికీ, 21 ఏళ్లు నిండనివారికి పోయనని ముందే చెప్పడానికీ చట్టం ఒక కారణమైతే ఇది రెండో కారణం.

బ్రాందీకి నెయ్యి

రమ్ము వాడదామని ఇంటివారు అడిగారు. నల్ల రమ్ములోని వెనిల్లా, మాడిన పంచదార వాసనలు నెయ్యిని మింగేస్తాయి కనుక వద్దన్నాను. అరిసెల రుచి కావాలంటే మాత్రం రమ్మే సరైనది. దుకాణంలో కొన్న, సీలు తీయని మధ్యరకం బ్రాందీ సీసా ఒకటి చాలు. ఖరీదైన బ్రాందీ ఇక్కడ వృథా, ఎందుకంటే దానికి పీపా వల్ల వచ్చే వగరును తర్వాత పాలు ఎలాగూ లాగేస్తాయి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది నెయ్యి దగ్గర. పెద్దావిడ తోడేసిన మీగడను చిలికి, వెన్న కాచి చేసిన నెయ్యి ఇంట్లో సిద్ధంగా ఉంది. వాసన చూస్తే చివర్లో తమలపాకు వేసి దించిన నెయ్యి అని తెలిసింది. అన్నంలోకి అది ఎంతో బాగుంటుంది కాని, బ్రాందీ ఆకు వాసనను కూడా అంతే ఆత్రంగా పట్టుకుంటుంది. అందువల్ల తమలపాకు గాని, కరివేపాకు గాని, మునగాకు గాని వేయకుండా మరో వాయి కాచి ఇమ్మని అడిగాను. గిన్నె అడుగున చేరే మడ్డి గోధుమ రంగు తిరిగేదాకా ఉంచి దించమన్నాను. కమ్మటి వేపుడు వాసన అంతా ఆ చివరి రెండు మూడు నిమిషాల్లోనే వస్తుంది, మడ్డి నల్లబడితే మాత్రం చేదెక్కుతుంది.

ఆ నెయ్యి 75 గ్రాములు మందపాటి గిన్నెలో వేడిచేసి, 40 గ్రాముల మైదాను సన్నని సెగ మీద కాజా పైపొర రంగు వచ్చేదాకా వేయించాము. తర్వాత పొయ్యి ఆర్పి, వేలు పెట్టగలిగినంత గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాము. ఈ ఆగడం రుచి కోసం కాదు, భద్రత కోసం. 40 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం నుంచి 26 డిగ్రీల ప్రాంతంలోనే అంటుకునే ఆవిరి రావడం మొదలవుతుంది, కాబట్టి వెలుగుతున్న పొయ్యి దగ్గర బ్రాందీ సీసా మూత తీయకూడదు. వెడల్పు మూతి గాజు సీసాలో 750 మిల్లీలీటర్ల బ్రాందీ, ఈ నెయ్యి, మైదా కలిపి, మూడు నాలుగు గంటలపాటు అప్పుడప్పుడు కుదుపుతూ బయటే ఉంచి, రాత్రికి డీప్ ఫ్రిజ్‌లో పెట్టాము. తెల్లవారేసరికి నెయ్యి పైన బిళ్లలా గడ్డకట్టింది. దానికి చెంచా కాడతో ఒక రంధ్రం పొడిచి, కింది బ్రాందీని పలుచని గుడ్డలోంచి వంచితే 700 మిల్లీలీటర్లకు దగ్గరగా వచ్చింది. కొంచెం మసకగా ఉన్నా ఆ దశలో పట్టించుకోనవసరం లేదు, మసక తీసే పని పాలది.

పాలను విరగ్గొట్టడం

పాకానికి 150 గ్రాముల పంచదార, అంతే బరువు నీళ్లు. కాజాకు పట్టే తీగపాకం ఇక్కడ అవసరం లేదు, పంచదార కరిగి ఒక పొంగు రాగానే దించి, అప్పుడు మాత్రమే ఎనిమిది, పది దంచిన యాలకులు వేసి మూత పెట్టాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే వాసన గదిలోకి పోతుంది. నిమ్మకాయలు గూడూరు వైపు నుంచి వచ్చినవి. ఎండాకాలంలో నిమ్మ ధర చూసి వెనకాడేవారు కూడా డిసెంబరులో 150 మిల్లీలీటర్ల రసం తీయడానికి ఆలోచించరు. రసాన్ని గింజలూ పిప్పీ లేకుండా వడగట్టాలి.

నెయ్యి పట్టిన బ్రాందీ 600, యాలకుల పాకం 200, నిమ్మరసం 150, కాచి చల్లార్చిన నీళ్లు 250 మిల్లీలీటర్లు ఒక గిన్నెలో కలిపాము. వేరొక పెద్ద స్టీలు గిన్నెలో 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలు 300 మిల్లీలీటర్లు కాచి, గోరువెచ్చగా చేసి ఉంచాము. పులుపు కలిసిన బ్రాందీని సన్నని ధారగా పాలలో పోయాలి గాని, పాలను తీసుకెళ్లి బ్రాందీలో పోయకూడదు. మొదటి విధంగా పోస్తే పులుపు మెల్లగా పెరిగి తునకలు పెద్దవిగా, మెత్తగా ఏర్పడతాయి. రెండో విధంగా పోస్తే ఒక్కసారిగా పొడిపొడిగా విరిగి గుడ్డలోంచి జారిపోతాయి. ఒకటి రెండుసార్లు గరిటెతో నెమ్మదిగా కదిపి గంటసేపు ముట్టుకోకుండా వదిలేశాము. కేసీన్ గడ్డకడుతూ బ్రాందీలోని వగరునూ, రంగులో కొంత భాగాన్నీ తనతో పట్టుకుపోతుంది. పాల తేటలోని మిగిలిన మాంసకృత్తులూ లాక్టోజ్ అనే పాల చక్కెరా పానీయంలోనే ఉండి దానికి నున్నదనం ఇస్తాయి. మలైలోని ఆ నున్నదనం కోసమే ఈ శ్రమ అంతా.

కాఫీ ఫిల్టర్ కావాలన్నప్పుడు ఇంటివారు డికాక్షన్ తీసే స్టీలు ఫిల్టర్ తెచ్చి ఇచ్చారు. నెల్లూరులో ఆ మాటకు వేరే అర్థం ఉండదు కదా. కాగితపు ఫిల్టర్లు లేకపోతే ఉతికిన పాత పంచె గుడ్డను నాలుగు మడతలు వేస్తే సరిపోతుంది, గంజి మాత్రం ఉండకూడదు. మొదట దిగే ద్రవం మసకగానే ఉంటుంది. దానిని మళ్లీ అదే తునకల మీద నెమ్మదిగా పోస్తే, ఆ తునకల పొరే జల్లెడగా మారి, కాసేపటికి లేత పసుపు రంగులో అద్దంలాంటి తేట దిగుతుంది. పన్నీరు చేసిన అలవాటు కొద్దీ ఇంట్లో ఒకరు గుడ్డను మెలిపెట్టబోయారు. పిండితే తునకలు నలిగి తేటంతా మళ్లీ తెల్లబడుతుంది కనుక ఆపి, గుడ్డను గిన్నె మీద కట్టి ఫ్రిజ్‌లో పెట్టించాను. తెల్లవారేసరికి 1,250 మిల్లీలీటర్ల వరకు దిగింది.

లెక్క

మన దగ్గర బ్రాందీలో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. సీసా మీద 25 యూపీ (అండర్ ప్రూఫ్ అనే పాత కొలత) అని రాసి ఉండేదీ అదే. 600 మిల్లీలీటర్లలో 257 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటే, మొత్తం కలిపిన ద్రవం 1,500 మిల్లీలీటర్లు కనుక పానీయం బలం 17 శాతం ప్రాంతంలో నిలుస్తుంది. 75 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండేది 30 మిల్లీలీటర్ల బ్రాందీలో ఉన్నంత ఆల్కహాల్, అంటే దాదాపు 10 గ్రాములు. ఇటువంటి పానీయాలలో ప్రమాదం ఇక్కడే ఉంది. పాలు ఘాటును తీసేస్తాయి గాని ఆల్కహాల్‌ను తీయవు. గొంతులో మంట లేదు కదా అని నాలుగు గ్లాసులు తాగినవారు నాలుగు చిన్న పెగ్గులు తాగినట్టే. పంచదార గ్లాసుకు 6 గ్రాములు పడింది, ఒక చిన్న మిఠాయి ముక్క కన్నా ఇది తక్కువే. పాల అలర్జీ ఉన్నవారు రంగు చూసి మోసపోకూడదు, ఇందులో పాల మాంసకృత్తులు ఉన్నాయి.

మద్యం లేని జత

నెయ్యి పద్ధతి ఇక్కడ చెల్లదు, వేపుడు వాసనను నీళ్లు బ్రాందీలా పట్టుకోలేవు. అందుకని గోధుమ నూకను పొడి మూకుడులో గోధుమ రంగు దాటేదాకా వేయించి, వేడినీళ్లలో నానబెట్టి వడకట్టి, అందులో పాలు లేని చిక్కటి టీ, యాలకుల పాకం, నిమ్మరసం కలిపి, పై విధంగానే పాలలో పోసి తేటపరిచాము. టీలోని వగరు పాల తునకలతో పోవడం వల్ల చేదు మిగలలేదు. దీనిని రెండు రోజుల లోపల తాగేయాలి. బ్రాందీది ఫ్రిజ్‌లో రెండు వారాలు ఆగుతుంది, అడుగున సన్నని మడ్డి చేరితే పైతేట వంచుకుంటే చాలు.

విందు రాత్రి

ఐసు వేయలేదు. డీప్ ఫ్రిజ్‌లో పెట్టి పోసిన గ్లాసులో నెయ్యి వాసన దాదాపు లేదు. మామూలు ఫ్రిజ్‌లోంచి తీసి ఐదు నిమిషాలు బల్ల మీద ఉంచిన గ్లాసులో మాత్రం మొదటి గుక్కకు ముందే ముక్కుకు తగిలింది. పైన మీగడ వేయడానికి డబ్బా క్రీమ్ తెచ్చారు గాని, 25 శాతం కొవ్వు ఉన్న ఆ రకం ఎంత గిలక్కొట్టినా గట్టిపడి నిలవదు. దాని బదులు గేదెపాల మీద కట్టిన చిక్కటి మీగడను కొద్దిగా పాలతో గిలక్కొట్టి, ఒక్క చెంచా, అదీ చెంచా వీపు మీదుగా జార్చి తేల్చాము. కొవ్వు ఎక్కువ కనుక అది వెంటనే విరగదు, అయినా పావుగంట దాటనివ్వకూడదు. గ్లాసు పక్కన కాజాను వేలెడు ముక్కగా కోసి, ఉదయగిరి చెక్క చెంచాతో పాటు ఇచ్చాము. కాజా ముక్క కొరికి పానీయం తాగినవారికి పానీయం పుల్లగా తోచింది, పానీయం తాగి కాజా కొరికినవారికి రెండూ నచ్చాయి. ఈ వరుస వడ్డించేవారే చెప్పాలి.

అల్లుడి స్నేహితులు తీపి ఇంకొంచెం ఉండవచ్చన్నారు, నేను పెంచలేదు. పెద్దావిడ టీ గ్లాసు తాగి, "పాకం వాసన ఉండాది, వేపుడు వాసన చాలదు" అన్నారు. ఆ తీర్పు న్యాయమైనదే. నూకను మరికాస్త ముదురుగా వేయించాలని ఇంటివారి కాగితం మీద రాయించాను.

ఆ తర్వాత ఒంగోలులో ఒక ఇంటికి ఇదే పద్ధతిని మైసూర్‌పాక్‌కు మార్చాను. మైదా స్థానంలో శనగపిండి, అంతే బరువు, పచ్చి వాసన పోయేదాకా నెయ్యిలో వేయించడం ఒక్కటే మార్పు. యాలకులు సగానికి తగ్గించాను. శనగపిండి వాసన మైదా కన్నా ఎంతో బలమైనది కనుక ఫ్రిజ్ చల్లదనంలోనూ నిలిచింది. మొదటిసారి చేసేవారికి కాజా కన్నా మైసూర్‌పాక్ రుచే తేలిక అని నా అంచనా.

మిగిలిన వాటి సంగతి ఇంటివారే అడుగుతారు కనుక చెప్పాలి. డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నెయ్యి బిళ్లకు బ్రాందీ అంటి ఉంటుంది. దానిని ఇంటి నెయ్యి గిన్నెలో కలపకూడదు, వేడి మూకుడులో వేయకూడదు. గుడ్డలో మిగిలిన పాల తునకలు తియ్యగా, పుల్లగా బాగానే ఉంటాయి, వాటిలోనూ మద్యం ఉంటుంది. పిల్లలు కోవా అనుకుని తీసుకోకుండా మూత మీద రాసి పెట్టించాము. మర్నాడు సాయంత్రం అల్లుడి స్నేహితులు వాటిని రస్కుల మీద పూసుకుని ముగించారు.